డాక్టరు ఎగాస్ మోనిజ్

చీరాల పట్టణమునకు చేరువను, బంగాళాఖాతపు టొడ్డున వాడరేవు కలదు. అచ్చటి దీపస్తంభము రాత్రివేళ పడవవారికి తీరము జాడను తెలుపుచుండును. ఇట్టి రేవులు పెక్కు గల మన తూర్పు తీరమునకు పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు ఓడలపై వచ్చి వర్తకము సాగించిరి. మన పెద్దలు వారిని బుడతకీచులని పిలిచిరి. 1498 లో వాస్కోడిగామా కళ్ళికోట చేరిన నాటినుండియు ఆ జాతివారు మనకు నావికులుగనే పరిచితులు. ఎఱుగని సముద్రములందు త్రోవలు కనుగొనుటచేతనే వారికి చరిత్రలో పేరు వచ్చినది. ఇరువదవ శతాబ్దమున ఆ దేశమునందే పుట్టిన యొక వైద్యుడు, ఓడ యెక్కకయే, బ్రదికియున్న మనుష్యునియందు అంతకుముందెవ్వరును చూచి యెఱుగని త్రోవలను లోకమునకు చూపెను. అవి మెదడులోని రక్తపు త్రోవలు. ఆ వైద్యుని పేరు ఎగాస్ మోనిజ్.

పోర్చుగల్ ఉత్తరభాగమున, అట్లాంటిక్ మహాసముద్రమునకు దగ్గరగా అవాంకా అను గ్రామము కలదు. 1874 వ సంవత్సరము నవంబరు 29 వ తేదీన మోనిజ్ అచ్చట జన్మించెను. ఆయన వంశమువారి యింటికి నావికుని ఇల్లు అని పేరు. తలిదండ్రులు బాలునికి పెట్టిన పేరు అంటోనియో. అతని చదువు బాధ్యతను వహించిన బంధువొకడు క్రైస్తవ మతాచార్యుడు. తమ వంశము పండ్రెండవ శతాబ్దపు వీరుడైన ఎగాస్ మోనిజ్ నుండి దిగివచ్చినదని ఆయన నమ్మకము. పోర్చుగల్ మొదటి రాజునకు చిన్ననాట విద్యాబుద్ధులు గఱపినవాడు ఆ వీరుడు. అందుచే ఆచార్యుడు ఆ పేరునే బాలునకును చేర్చెను. లోకమున నిలిచినదియు ఆ పేరే.

మోనిజ్ కోయింబ్రా విశ్వవిద్యాలయమున చదివి 1899 లో వైద్యపట్టమును పొందెను. పిదప ఫ్రాన్సు దేశమునకు పోయి బోర్డో, పారిసు నగరములందు నాడీమండల వ్యాధులను గూర్చి ఆ కాలపు గొప్ప వైద్యులయొద్ద నేర్చుకొనెను. 1911 లో లిస్బను నగరమున ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. కాని యౌవనముననే ఆయనకొక కష్టము దాపరించెను. ఇరువది నాలుగేండ్ల ప్రాయమునుండియు గౌటు అను కీళ్ళవ్యాధి ఆయన చేతులను పట్టి పీడించెను. క్రమముగ వ్రేళ్ళు వంకరలు పోయెను. స్వయముగ కత్తి పట్టి శస్త్రచికిత్స చేయు శక్తి ఆయనకు లేకపోయెను. ఆయన సాధించిన పనులన్నియు ఇతరుల చేతులతో చేయించినవే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

చాలకాలము మోనిజ్ మనస్సు వైద్యముకంటె రాజకీయములందే తగులుకొని యుండెను. 1903 మొదలు 1917 వఱకు ఆయన శాసనసభ్యుడు. నడుమ చెఱసాలకును పోయెను. 1917 లో స్పెయిను దేశమునకు రాయబారిగను, 1918 లో విదేశాంగ మంత్రిగను నియమింపబడెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము పారిసులో జరిగిన శాంతి మహాసభకు పోర్చుగల్ ప్రతినిధివర్గమునకు నాయకుడై వెళ్ళెను. అంతటితో రాజకీయములను విడిచి తిరిగి ఆసుపత్రికి వచ్చెను. అప్పటికాయన నలువదియైదేండ్లకు చేరువగ నుండెను. సాధారణముగ శాస్త్రజ్ఞులు యౌవనమున చేయవలసిన పనిని ఆయన అప్పుడు మొదలుపెట్టెను.

ఆ పని యెట్టిది? మెదడు ఎముకల పెట్టెలో భద్రముగ నుండును. 1895 లో జర్మనీ దేశస్థుడగు రాంట్‌జన్ ఎక్సురేలను కనుగొన్న తరువాత విఱిగిన ఎముకను చూచుట సులభమైనది. కాని మెత్తని మెదడు ఆ కిరణముల కంతగ అడ్డుపడదు. పటమున పుఱ్ఱె కనబడునే కాని దాని లోపలి సంగతి తెలియదు. మెదడులో కంతి యున్నదో లేదో, ఉన్నచో ఏ ప్రక్కనున్నదో, రోగి నడకను, చూపును, మాటను బట్టి ఊహింపవలసినదే. ఊహ తప్పినచో శస్త్రవైద్యుడు పుఱ్ఱెను తప్పు చోట తెఱచుటయు కలదు. 1918 లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ మెదడు గదులలోనికి గాలి నెక్కించి పటము తీయు పద్ధతిని కనిపెట్టెను. అది మేలైన పద్ధతియే యైనను రోగికి మిక్కిలి బాధాకరము, ప్రమాదమును కలదు.

మోనిజ్ ఆలోచన వేఱు. మెదడులోని ప్రతి భాగమునకును ధమనులు రక్తమును కొనిపోవుచున్నవి. ఎక్సురేలకు అడ్డుపడు ద్రవము నొకదానిని ఆ రక్తములో కలిపినచో, అది పాఱినంత మేర ధమనులు చెట్టుకొమ్మలవలె పటమున కనబడవలెను. కంతి యున్న చోట ఆ కొమ్మలు ప్రక్కకు ఒరిగియుండవలెను. వినుట కిది సులభముగనే యున్నది. కాని ఆ ద్రవము మెదడునకు హాని చేయరాదు. రక్తము దానిని కొట్టుకొనిపోకమునుపే, అనగా కొన్ని సెకండ్లలోనే, పటము తీయవలెను. ఈ రెండు చిక్కులును విడదీయుటకు ఆయనకు ఇంచుమించు రెండేండ్లు పట్టెను.

1926 లో ప్రయోగములు ప్రారంభమయ్యెను. మోనిజ్ చేతులు పనికిరావు గనుక పెడ్రో అల్మైడా లీమా అను యువవైద్యుడు ఆయనకు చేతులై నిలిచెను. మొదట కుక్కలయందును, తరువాత మృతదేహములయందును ప్రయోగములు చేసిరి. పిమ్మట స్ట్రాంషియమ్ బ్రోమైడు అను లవణపు ద్రవమును రోగుల మెడలోని కెరోటిడ్ ధమనిలోనికి ఎక్కించిరి. మొదట పటములు సరిగ రాలేదు. అంతలో ఒక రోగి, ద్రవ మెక్కించిన పిదప ధమనిలో రక్తము గడ్డకట్టుటచే, మరణించెను.

ఈ మరణమును కొందఱు చరిత్రకారులు ఒక వాక్యముతో దాటిపోవుదురు. అది న్యాయము కాదు. ఆ రోగి తన వ్యాధికి మందు కొఱకు ఆసుపత్రికి వచ్చినవాడు. ప్రయోగము కొఱకు వచ్చినవాడు కాడు. నేడైనచో ఇట్టి ప్రయోగమునకు ముందు రోగికి సంగతి యంతయు వివరించి సమ్మతి పొందవలెను. దాని మంచిచెడ్డలు విచారించు సంఘము అనుమతింపవలెను. నాడు ఆ యేర్పాట్లు లేవు. మోనిజ్ బ్రోమైడును విడిచిపెట్టి, సోడియమ్ అయొడైడు ద్రవమును తిరిగి మొదటినుండి పరీక్షించి చూచి, దానిని స్వీకరించెను.

1927 వ సంవత్సరము జూను 28 వ తేదీన లిస్బనులో, తల యడుగుననున్న పిట్యూటరీ గ్రంథిలో కంతి గల యొక రోగికి ఆ ద్రవము నెక్కించిరి. పటమును కడిగి చూడగా మెదడులోని ధమనులు స్పష్టముగ కనబడెను. వానిలో కొన్ని ఉండవలసిన చోట లేక, క్రిందినుండి ఎవరో నెట్టినట్లు స్థానము తప్పియుండెను. కంతి యచ్చటనే యున్నదని పటమే చెప్పెను. మఱుసటి నెలలోనే మోనిజ్ పారిసు నగరమున నాడీవైద్యుల సభలో ఈ సంగతిని వెల్లడించెను. కొలది సంవత్సరములలో ఐరోపాలోని అనేక ఆసుపత్రులకు ఆ పద్ధతి వ్యాపించెను. దానికి ఆంజియోగ్రఫీ, అనగా రక్తనాళముల చిత్రణము అని పేరు. నేడు గుండె రోగులకు చేయు ఆంజియోగ్రామ్ అను మాట మన పల్లెలందును వినవచ్చుచున్నది. మెదడు విషయమున ఆ విద్య లిస్బనులో ఈ తల పటముతోనే మొదలయ్యెను.

1931 లో ఆయన అయొడైడునకు మాఱుగ థోరోట్రాస్ట్ అను ద్రవమును వాడ నారంభించెను. దానివలన రోగికి అప్పటి కప్పుడు బాధ లేదు. పటమును చక్కగ వచ్చెడిది. కాని దానిలోని థోరియము రేడియోధార్మిక పదార్థము. ఒకసారి శరీరమున ప్రవేశించినచో కాలేయమునందును ప్లీహమునందును నిలిచిపోయి జీవితాంతము కిరణములు వెలువరించుచుండును. ఇరువది ముప్పది యేండ్ల పిదప అట్టివారిలో పలువురికి కాలేయపు క్యాన్సరు కలిగెను. ఆ ద్రవమును తరువాత అంతట మానివేసిరి.

మోనిజ్ కంతుల కొఱకు తెఱచిన ద్వారమునుండి మఱియొక వ్యాధియు కనబడెను. దానిని తెలిసికొనుటకు మన ప్రాంతపు దృష్టాంత మొకటి చాలును. కృష్ణా డెల్టానుండి బాపట్ల, చీరాల ప్రాంతములకు వచ్చు కొమ్మమూరు కాలువ గట్లపై నడచినవారికి ఒక సంగతి తెలిసియుండును. కాలువ తిన్నగ పాఱుచోట గట్టు అంతగ చెడదు. పాయ చీలుచోటను, వంపు తిరుగుచోటను నీటివడి గట్టును నేరుగ తాకును. అచ్చట మన్ను లోలోపల కోతపడును. వరదదినములలో లస్కరు ముందుగ పోయి చూచునది అట్టి చోట్లనే. గండి పడినచో అచ్చటనే పడును.

మెదడు అడుగున ధమనులు ఒక వలయముగ కలిసియున్నవి. 1664 లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ దానిని వర్ణించినందున విల్లిస్ వలయమని పేరు వచ్చెను. ఈ వలయమునుండి కొమ్మలు చీలు పంగలయందు రక్తపు వడి ధమని గోడను నేరుగ తాకును. మెదడు ధమనుల గోడలు తక్కిన శరీరములోని ధమనుల గోడలకంటె పలుచన. రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు, కొన్ని కుటుంబములయందు పుట్టుకతో వచ్చు బలహీనత దానికి తోడైనచో, గోడ వెలుపలికి ఉబ్బి చిన్న సంచివలె ఏర్పడును. అఱిగిన టైరు సందునుండి సైకిలు ట్యూబు బుడిపెగ పొడుచుకొని వచ్చుట అందఱును చూచినదే. ఇదియు అట్టిదే. దీనిని వైద్యులు ఎన్యూరిజమ్ అందురు. మనము రక్తబుడగ యందము. ధమనినుండి అది పుట్టు సన్నని చోటునకు మెడ అనియు, ఉబ్బిన భాగమునకు గుమ్మటము అనియు పేర్లు.

వందమంది పెద్దలలో ఇంచుమించు ముగ్గురికి ఇట్టి బుడగ యుండును. వారిలో ఎక్కువమందికి అది జీవితాంతము పగులదు, ఉన్నదనియు తెలియదు. పగిలినచో మాత్రము మెదడు చుట్టును రక్తము చిమ్మును. పిడుగు పడినట్లు ఒక్కసారిగ భరింపరాని తలనొప్పి వచ్చును, వాంతులగును, మెడ బిగియును, తెలివి తప్పుటయు కలదు. అట్టివారిని క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికి చేర్పవలెను. చేర్చినను అందఱును బ్రదుకరు.

మోనిజ్‌కు పూర్వము ఈ బుడగ చనిపోయిన వారియందే బయటపడెడిది. లేదా కంతి యని తలచి పుఱ్ఱెను తెఱచిన వైద్యునికి హఠాత్తుగ ఎదురయ్యెడిది. 1933 లో మోనిజ్ బ్రదికియున్న రోగి కెరోటిడ్ ధమనిపై నున్న బుడగను పటమున చూపి ప్రకటించెను. ఇప్పుడు దాని పరిమాణము, ఆకారము, అది యే కొమ్మ పంగలో నున్నదియు శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి తెలియగలిగెను. 1931 లో ఎడింబరోలో నార్మన్ డాట్ అను వైద్యుడు బుడగకు కండరపు ముక్కను చుట్టి కాపాడియుండెను. 1937 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన, పైన చెప్పిన వాల్టర్ డాండీయే, బాల్టిమోరులో ఒక రోగి బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పును బిగించి రక్తము దానిలోనికి పోకుండ చేసెను. మెడ సన్నముగ నున్న బుడగకే ఇట్టి క్లిప్పు చక్కగ కూర్చుండును. ఆకారము తెలియుట ఎంత అవసరమో ఇందువలన స్పష్టము.

ఈ కీర్తి యంతయు మోనిజ్‌కు నోబెల్ బహుమానమును తేలేదు. ధమనుల చిత్రణమునకై 1928 లోను 1933 లోను ఆయన పేరు ప్రతిపాదింపబడెను; కాని ఇయ్యలేదు. 1949 లో వచ్చిన బహుమానము వేఱొక పనికి వచ్చినది. 1935 నవంబరులో ఆయన, తీవ్రమైన మానసికవ్యాధి గలవారి మెదడు ముందు భాగమున కొన్ని తంతువులను తెగగొట్టించు శస్త్రచికిత్సను ప్రారంభించెను. కొందఱు రోగులు శాంతించిరి. కాని ఆ శాంతి యెట్టిదో చాలినంత కాలము పరీక్షింపలేదు. పలువురు చుఱుకుదనమును, తమ స్వభావమునే కోల్పోయిరి. ఇతర దేశములందు, విశేషించి అమెరికాలో, వేలకొలది మనుష్యులకు ఆ చికిత్సను తొందరపడి చేసిరి. 1950 తరువాత మానసికవ్యాధులకు మందులు వచ్చుటతో అది మూలపడెను. ఆ బహుమానమును వెనుకకు తీసికొనవలెనని కోరినవారును కలరు. బహుమానము వచ్చిన పని మాసిపోయెను; రాని పని నేటికిని ప్రతి పెద్ద ఆసుపత్రిలో నిత్యము జరుగుచున్నది.

1939 లో మానసికవ్యాధి గల యొక రోగి లిస్బనులోని వైద్యశాలలో మోనిజ్‌ను తుపాకితో కాల్చెను. పలు గుండ్లు తగిలినను ఆయన కోలుకొని తిరిగి పనిలో ప్రవేశించెను. 1955 వ సంవత్సరము డిసెంబరు 13 వ తేదీన ఎనుబదియొక్క యేండ్ల వయస్సున లిస్బనులో మరణించెను. 1968 లో అవాంకాలోని నావికుని ఇల్లు ఆయన పేర ప్రదర్శనశాల యయ్యెను.

ఆయనకు బహుమానము వచ్చిన 1949 లోనే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాండీ మన దేశమున మొదటి మెదడు శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. మఱుసటి యేడు డాక్టరు బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో అట్టి పనికి పూనుకొనెను. గుంటూరు సీమ యప్పుడు మద్రాసు రాష్ట్రములోనిదే.

మోనిజ్ చూపిన బుడగ ఆకారమును గూర్చిన విచారణ ఆయన తరువాత నానాటికి పెరిగెను. ఏ బుడగ పగులును, ఏది పగులదు? ఇది తేలికైన ప్రశ్న కాదు. పగులని బుడగను తీయబోయి రోగిని పోగొట్టుకొనుటయు తప్పే. పగులునట్టిదానిని విడిచిపెట్టుటయు తప్పే. మొదట వైద్యులు పరిమాణమునే చూచిరి. పోటు ఒక్కటేయైనను బుడగ పెద్దదగుకొలది గోడపై బిగువు హెచ్చును గనుక పెద్ద బుడగ ప్రమాదకర మనుట నిజమే. ఏడు మిల్లీమీటర్లకు లోపలివి సాధారణముగ పగులవని చెప్పుచుండిరి. కాని ఆసుపత్రికి పగిలి వచ్చు బుడగలలో చిన్నవియు పెక్కు గలవు. అప్పుడు దృష్టి ఆకారముపైకి మరలెను.

జపానులో 5,720 మంది రోగుల 6,697 బుడగలను కనిపెట్టియుండి 2012 లో ఫలితములను ప్రకటించిరి. నున్నని బుడగలకంటె, పైన పిల్లబుడగ పొడిచినవి పగులు అపాయము 1.63 రెట్లు ఎక్కువయని తేలెను. పిల్లబుడగ పొడిచిన చోట గోడ మిగిలిన చోట్లకంటె సన్నగిల్లి యుండుట కలదు. అట్లే మెడ వెడల్పుకంటె ఎత్తు మిక్కిలి హెచ్చైన బుడగలోను, సన్నని మెడగుండ దూరిన రక్తము గుమ్మటమున మందగించి సుడి తిరుగును. గోడకు అది మేలు చేయదు. జపాను వైద్యులే మఱికొందఱు, ఎత్తు మెడ వెడల్పునకు ఇంచుమించు 1.6 రెట్లు మించినవి పగిలినవానిలో ఎక్కువగ నున్నట్లు చూపిరి. 2016 లో ఫిన్లండు వైద్యులు, పరిమాణ మెంతైనను వంకరటింకర ఆకారము పగులుటతో ముడిపడియున్నదని వ్రాసిరి.

ఇచ్చట ఒక సందేహము న్యాయమైనది. పగిలిన తరువాత కొలిచిన బుడగ, పగులుటచేతనే ఆకారము మాఱియుండవచ్చును గదా! అందుచేత పగులకముందు కనిపెట్టియుండి చేసిన పరిశీలనలకే విలువ యెక్కువ. ఆకార మొక్కటే తీర్పు చెప్పజాలదు. రోగి వయస్సు, రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు, బుడగ యున్న చోటు, ఇవన్నియు కూడిన పిదపనే వైద్యుడు నిర్ణయించును.

చికిత్సయు మోనిజ్ త్రోవనే పట్టినది. 1990 నుండి, ఇటలీ దేశస్థుడగు గుగ్లియెల్మీ కనిపెట్టిన పద్ధతిలో, పుఱ్ఱెను తెఱవకయే ధమనిగుండ సన్నని గొట్టమును పంపి బుడగలో మెత్తని ప్లాటినము తీగచుట్టలను నింపుచున్నారు. మెడ సన్నముగ నున్నచో చుట్టలు లోపల నిలుచును. వెడల్పైనచో జాఱి బయటికి వచ్చును. చికిత్స అవసరము లేదని తోచిన రోగికి వైద్యులు ఏటేట పటము తీయించి పాతదాని ప్రక్కన పెట్టి చూతురు. నిరుడు గుండ్రముగ, నున్నగ నున్న బుడగపై ఈ యేడు ఆవగింజంత పిల్లబుడగ క్రొత్తగ కనబడినచో, దాని పరిమాణ మెంత చిన్నదైనను, ఇక ఆలసింపరు.